రేంజ్‌ఫైండర్ మీద ఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు: ఆరేళ్లు వాడాక

ఆరేళ్లుగా నా లైకా ఎం6 ఫిల్మ్ కెమెరా (రేంజ్‌ఫైండర్, అంటే లెన్సు గుండా కాకుండా విడి కిటికీలోంచి చూసి ఫోకస్ చేసేది) మీద, ఆ తర్వాత కొన్న డిజిటల్ ఎం బాడీ మీద, పాత నికాన్, ఒలింపస్ ఓఎం ఎస్‌ఎల్‌ఆర్ (లోపలి అద్దం ద్వారా లెన్సు గుండానే చూసే కెమెరా) లెన్సులను అడాప్టర్లతో వాడుతున్నాను. "పనిచేస్తాయా?" అని అడిగితే నేను చెప్పేది ఇదీ: వైడ్ లెన్సులయితే ధైర్యంగా పెట్టుకోండి, 50 ఎఫ్/1.4 (50 మి.మీ. లెన్సు; ఎఫ్ అంకె ఎంత చిన్నదయితే లెన్సు రంధ్రం అంత పెద్దది) లాంటివి మాత్రం ఫిల్మ్ బాడీకి తగిలించి అవస్థ పడొద్దు. ఏ అడాప్టర్ కొన్నా వాడే ముందు దాని మందం కొలవండి. ఈ చివరి మాట ముందే తెలిసుంటే నాకు సగం రోల్ మిగిలేది.

అసలు సంగతి ఏంటంటే, మౌంట్ (లెన్సు తగిలించే రింగు) నుంచి ఫిల్మ్ దాకా ఉండే దూరం లైకా ఎంలో 27.8 మి.మీ. నికాన్ ఎఫ్‌లో 46.5, ఓఎంలో 46. ఆ తేడాని అడాప్టర్ నింపాలి, అంటే నికాన్ లెన్సుకి 18.7 మి.మీ., ఓఎంకి 18.2. మధ్యలో గాజు ఏమీ ఉండదు, ఒట్టి గొట్టం, కాబట్టి బొమ్మ నాణ్యతకి దానివల్ల వచ్చే నష్టం లేదు. లైకా ఎం లెన్సుని ఎస్‌ఎల్‌ఆర్‌కి పెట్టాలంటే మాత్రం కుదరదు, అక్కడ మౌంట్ అప్పటికే ఫిల్మ్‌కి చాలా దూరంలో ఉంటుంది, ఇన్ఫినిటీ (చాలా దూరపు వస్తువుల మీద ఫోకస్) రాదు.

చిక్కంతా ఫోకస్ దగ్గరే. ఎం మౌంట్ లోపల పైభాగాన చిన్న రోలర్ ఉంటుంది, ఎం లెన్సు వెనక ఉండే కామ్ (ఫోకస్ తిప్పితే ముందుకీ వెనక్కీ కదిలే అంచు) దాన్ని కదిలిస్తేనే వ్యూఫైండర్ మధ్య ప్యాచ్‌లో కనిపించే రెండు బొమ్మలు కలుస్తాయి. ఎస్‌ఎల్‌ఆర్ లెన్సుకి ఆ కామ్ ఉండదు, మామూలు అడాప్టర్‌కీ ఉండదు. ఎంత తిప్పినా ప్యాచ్ కదలదు. కాబట్టి ఫిల్మ్ బాడీ మీద మనకి మిగిలేది లెన్సు మీద చెక్కిన మీటర్ల అంకెలు, మన కంటి అంచనా, అంతే. వైడ్ లెన్సుకి అది చాలు. 28 మి.మీ.ని ఎఫ్/8లో పెట్టి స్కేల్ 3.3 మీటర్ల దగ్గర ఉంచితే సుమారు 1.65 మీటర్ల నుంచి ఇన్ఫినిటీ దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 21 అయితే ఇంకా సుఖం, 1.8 మీటర్ల దగ్గర పెడితే 90 సెంటీమీటర్ల నుంచే మొదలు. అదే 50ని ఎఫ్/1.4లో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద పెట్టి చూడండి, స్పష్టంగా ఉండే లోతు మొత్తం కలిపినా 13 సెంటీమీటర్లే. అది కంటితో అంచనా వేసేది కాదు. కెమెరా పైన ఫ్లాష్ తగిలించే హాట్ షూలో పెట్టుకునే విడి రేంజ్‌ఫైండర్‌తో దూరం కొలిచి, ఆ అంకెని లెన్సు మీద పెట్టి కొన్నాళ్లు ప్రయత్నించాను. పనైతే అవుతుంది కానీ ఈలోపు ఎదుటి మనిషి కదిలిపోతాడు.

ఇక ఆ రోల్ సంగతి. మొదటి నికాన్ అడాప్టర్‌తో 28 ఎఫ్/2.8 పెట్టి ఒక రోజంతా తీశాను. కడిగి చూస్తే పగలు ఎఫ్/8లో తీసినవి బ్రహ్మాండంగా ఉన్నాయి, సాయంత్రం ఎఫ్/2.8లో తీసినవి అన్నీ మెత్తగా ఉన్నాయి, ఇన్ఫినిటీ మీద పెట్టి తీసిన దూరపు కొండలతో సహా. ముందు లెన్సునే అనుమానించాను, పూర్తిగా తెరిస్తే ఇది ఇంతేనేమో అనుకున్నాను. తర్వాత వెర్నియర్ కాలిపర్ పెట్టి అడాప్టర్ కొలిస్తే 18.7 ఉండాల్సింది 18.55 ఉంది. 0.15 మి.మీ. అంటే ఏముందిలే అనిపిస్తుంది కదా, కానీ 28 మి.మీ. లెన్సులో ఇన్ఫినిటీ నుంచి 5 మీటర్ల దాకా మొత్తం కదలికే సుమారు 0.15 మి.మీ.! అంటే స్కేల్ మీద 5 అని ఉన్నచోట నిజమైన ఇన్ఫినిటీ ఉంది, అసలు ఇన్ఫినిటీ గుర్తు దగ్గర పెడితే ఫోకస్ ఏ వస్తువు మీదా లేదు. 3 దగ్గర పెట్టి మనిషిని తీస్తే ఫోకస్ ఏడు మీటర్ల అవతల పడింది. ఎఫ్/8లో డెప్త్ (స్పష్టంగా ఉండే లోతు) ఆ తప్పుని కప్పేసింది, ఎఫ్/2.8లో కప్పలేకపోయింది. 50 లెన్సుకి ఇదే తప్పు జరిగితే స్కేల్ 17 మీటర్ల దగ్గర ఇన్ఫినిటీ వస్తుంది, అంతగా తెలియదు, అందుకే "నా అడాప్టర్ బాగానే ఉంది" అనేవాళ్లు ఏ లెన్సుతో చూశారో కనుక్కోవాలి. అడాప్టర్లని కాస్త పొట్టిగా చేయడం మామూలే, ఇన్ఫినిటీ అందకపోతే వాపసు వస్తుందని భయం. లైవ్ వ్యూలో (డిజిటల్ కెమెరా వెనక తెర మీద) కళ్లతో చూసి ఫోకస్ చేసేవాళ్లకి అది పట్టదు, స్కేల్ చూసి తీసేవాళ్లకి మాత్రం అదే ప్రాణం.

మందం ఒక్కచోట కాదు, నాలుగు వైపులా కొలవండి, ఒక పక్క తేడా ఉంటే ఫ్రేమ్ ఒక అంచు మెత్తబడుతుంది. నేను ముందువైపు రింగు స్క్రూలు విప్పి, కింద 0.05 మి.మీ. ఇత్తడి రేకులు మూడు పొరలు కత్తిరించి పెట్టి బిగించాను, ఇన్ఫినిటీ గుర్తు మీదకి వచ్చి కూర్చుంది. కాలిపర్ లేకపోతే డిజిటల్ బాడీ చాలు: లెన్సు పూర్తిగా తెరిచి, కిలోమీటరు పైన ఉన్న టవర్‌ని లైవ్ వ్యూలో పెద్దది చేసి ఫోకస్ చేయండి, అప్పుడు స్కేల్ ఎక్కడుందో చూడండి.

ఎక్స్‌పోజర్‌కి ఏ టెన్షన్ లేదు. ఎం6లో మీటర్ షట్టర్ తెర మీది తెల్లచుక్క నుంచి తిరిగొచ్చే వెలుతురుని చదువుతుంది, ముందు ఏ లెన్సున్నా దానికి ఒకటే. అపర్చర్ (లెన్సు రంధ్రం) రింగు తిప్పితే బ్లేడ్లు వెంటనే మూసుకుంటాయి, వ్యూఫైండర్ లెన్సు గుండా చూడదు కాబట్టి చీకటి కూడా కాదు. రింగు లేని లెన్సులు మాత్రం కొనకండి, నికాన్ జి రకం, కెనాన్ ఈఎఫ్ లాంటివి, మామూలు అడాప్టర్ మీద వాటి అపర్చర్ మన చేతిలో ఉండదు.

డిజిటల్ బాడీలో లైవ్ వ్యూ ఉంటే కథ వేరు. లైకా ఎంలలో అది 2012లో ప్రకటించిన ఎం టైప్ 240తో మొదలైంది, అంతకు ముందరి ఎం9లో లేదు. లైవ్ వ్యూతో 105 ఎఫ్/2.5 ముఖాల మీద నమ్మకంగా వాడగలిగాను, కానీ నాకు అసలు లాభం 55 ఎఫ్/2.8 మైక్రో దగ్గర వచ్చింది. చాలా ఎం లెన్సులు 70 సెంటీమీటర్ల కంటే దగ్గరికి రావు, ఇది 25 సెంటీమీటర్ల దాకా వచ్చి సగం సైజు బొమ్మ ఇస్తుంది. ఆకు మీద కూర్చున్న తూనీగ రెక్క ఈనెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా వచ్చిన ఫ్రేమ్ ఒకటి ఉంది, ఎం కెమెరాతో తీశానంటే తోటివాళ్లు నమ్మలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, రోలర్ కదలదు కాబట్టి బొమ్మ తనంతట తాను పెద్దదవదు, ప్రతిసారీ బటన్ నొక్కాలి.

వైడ్‌లలో ఇంకో లాభం ఉంది. అద్దానికి చోటు వదలాలి కాబట్టి ఎస్‌ఎల్‌ఆర్ వైడ్ లెన్సుల వెనక గాజు సెన్సర్‌కి దూరంగా ఉంటుంది, మూలలకి వెలుతురు అంత ఏటవాలుగా పడదు. సెన్సర్‌కి అతుక్కుని కూర్చునే పాత రేంజ్‌ఫైండర్ వైడ్‌లతో మూలల్లో వచ్చే ఊదారంగు మరక నా ఒలింపస్ జుయికో 21 ఎఫ్/3.5తో కనబడలేదు.

బరువు, పొడవు మాత్రం భరించాల్సిందే. అడాప్టర్‌తో కలిపి 28 కూడా ముందుకి పొడుచుకొచ్చి వ్యూఫైండర్ కింద కుడి మూలని మింగేస్తుంది, 105 అయితే మరీను. అడాప్టర్ లోపల మెరుపు ఉంటే ఎదురెండలో బొమ్మ తేలిపోతుంది, నేను లోపల నల్ల వెల్వెట్ కాగితం అతికించాను.

ఇప్పుడు జుయికో 21 అడాప్టర్ నుంచి విప్పడమే లేదు. దానికి వెనక పెట్టే మూత కూడా ఎం మౌంట్ మూతే, హాట్ షూలో విడి 21 ఫైండర్, స్కేల్ 1.8 దగ్గర.