టైప్ 1 షుగర్ ఫండ్‌కు ఇచ్చే డాలర్ ఎటు పోతుంది: దాతల కోసం సమీక్ష

మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా, అమెరికాలో కొలువు చేసే పిల్లలున్న ఇళ్లకు తక్కువ లేదు. అక్కడ టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయే రకం) పేరుతో విరాళాలు అడిగే పెద్ద సంస్థ జేడీఆర్ఎఫ్. 2024లో పేరు మార్చుకుని బ్రేక్‌త్రూ టీ1డీ అయింది. దాని పెట్టుబడి విభాగం టీ1డీ ఫండ్ 2016లో మొదలైంది. ఈ సమీక్ష ఆ ఫండ్ గురించే.

ఇది గ్రాంటు ఇచ్చి ఊరుకునే రకం కాదు, స్టార్టప్‌లో వాటా కొంటుంది. కంపెనీ అమ్ముడుపోతే వచ్చే లాభం మళ్లీ ఫండ్‌లోకే చేరి ఇంకో కంపెనీకి పోతుంది. ల్యాబ్‌లో ఫలితం వచ్చాక ప్రభుత్వ గ్రాంట్లు అయిపోతాయి. మనుషుల మీద పరీక్షించిన లెక్కలు చూపించందే ప్రైవేటు పెట్టుబడిదారు రాడు. విషప్రభావ పరీక్షలకు, నాణ్యత ప్రమాణాలతో మందు బ్యాచ్ తయారీకి ఆ మధ్యలోనే పైసలు కావాలి. మంచి మందులు చాలావరకు ఆగిపోయేది అక్కడే.

సెమ్మా కంపెనీనే తీసుకోండి. ఇద్దరు పిల్లలకూ టైప్ 1 వచ్చిన హార్వర్డ్ శాస్త్రవేత్త డగ్లస్ మెల్టన్ పెట్టిన కంపెనీ అది. 2017లో ఈ ఫండ్ అందులో పెట్టుబడి పెట్టింది. 2019లో వెర్టెక్స్ అనే అమెరికా మందుల కంపెనీ 95 కోట్ల డాలర్లకు సెమ్మాను కొనేసింది. సెమ్మా చికిత్సలో మూలకణాల (వేరే రకం కణాలుగా మారగల కణాలు) నుంచి ఇన్సులిన్ చేసే కణాలను తయారుచేసి, కాలేయానికి పోయే రక్తనాళంలోకి ఎక్కిస్తారు. 2025 జూన్‌లో వచ్చిన ఫలితాల్లో, పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరమే లేకపోయింది. ఇన్నేళ్ల ఎదురుచూపు తర్వాత వచ్చిన ఈ ఫలితం నిజంగా సంతోషించదగ్గది. అయితే శరీరం ఆ కణాలను తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతూనే ఉండాలి. చిన్నపిల్లల్లో ఈ చికిత్సకు అదే పెద్ద అడ్డంకి. దాన్ని తప్పించడానికి కణాలను ఒక చిన్న పరికరంలో పెట్టి అమర్చి చూశారు. లోపల తయారైన ఇన్సులిన్ రోగికి పనికొచ్చేంత లేకపోవడంతో 2025 మార్చిలో ఆ ప్రయోగం ఆపేశారు.

దాత అడగాల్సింది ఒప్పందం గురించి. డబ్బు ఒకేసారి ఇచ్చారా, మైలురాయి దాటినప్పుడల్లా విడతగా ఇచ్చారా? కొన్న పెద్ద కంపెనీ మందును మూలన పడేస్తే దాని హక్కులు సంస్థకు తిరిగొస్తాయా? ఈ రెండో షరతు లేకపోతే విరాళం అంతటితో పోయినట్టే. ఫండ్ డబ్బు పెట్టిన కంపెనీలోనే దాని డైరెక్టర్లకు సొంత వాటాలున్నాయా అన్నదీ చూడాలి.

ధర గురించి పక్కాగా రాసుకోకపోతే ఏమవుతుందో, ఊపిరితిత్తులను దెబ్బతీసే జన్యు జబ్బు మీద పనిచేసే అమెరికా సంస్థ సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ అనుభవం చెబుతుంది. వాళ్ల డబ్బుతో తయారైన కాలిడెకో అనే మందుకు 2012లో అనుమతి వచ్చింది. ధర ఏడాదికి సుమారు 3 లక్షల డాలర్లు. 2014లో ఫౌండేషన్ తన రాయల్టీ హక్కులను (మందు అమ్మకాల్లో తనకొచ్చే వాటాను) 330 కోట్ల డాలర్లకు అమ్మి, ఆ సొమ్మును పరిశోధనకు మళ్లించింది. మందు పుట్టింది, సంస్థ నిలబడింది, బిల్లు మాత్రం రోగుల మీద, బీమా మీద పడింది.

అందుకే ఈ ఫండ్‌కు మా మార్కులు రెండు రకాలు. మందు పుట్టించడంలో ఐదుకు నాలుగున్నర, దాన్ని మన జిల్లాల దాకా తేవడంలో ఐదుకు ఒకటి. నాగర్‌కర్నూల్ పిల్లకు ఈరోజు కావాల్సింది ఇన్సులిన్, రక్తంలో షుగర్ చూసే స్ట్రిప్పులు. రోజుకు 30 యూనిట్లు పట్టే పిల్లకు మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే రకం 10 మిల్లీలీటర్ల వయల్ (మందు సీసా) 13 రోజులే వస్తుంది. రోజుకు నాలుగుసార్లు పరీక్షిస్తే నెలకు 120 స్ట్రిప్పులు. మే నెల ఎండకు ఫ్రిజ్ లేని ఇంట్లో మందు పాడవుతుంది. వయల్‌ను కవర్లో చుట్టి, నీళ్లున్న మట్టికుండలో పెట్టాలి. ఇచ్చేదాంట్లో సగం వీటికి, సగం ఫండ్‌కు ఇవ్వమని మా సలహా.

ఇక్కడే ఒక ట్రస్టు పెట్టి ఇలాగే వాటాలు కొందామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ధార్మిక ట్రస్టు సొమ్మును ఎక్కడెక్కడ పెట్టొచ్చో ఆదాయపు పన్ను చట్టమే జాబితా ఇచ్చింది. ప్రైవేటు స్టార్టప్ వాటాలు కొంటే మామూలు ట్రస్టుకు పన్ను మినహాయింపు పోయే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ లాంటి చోట గ్రాంటు ఇవ్వడానికి మార్గం ఉంటుంది. ఏ పద్దు కింద ఇవ్వాలో ముందే సీఏతో మాట్లాడి రాయించుకోండి.