నోకియా 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్: పాటలకి సూపర్, మిగతావాటికి సర్దుకోవాలి

2008 అక్టోబర్‌లో అనౌన్స్ చేసిన ఫోన్‌కి ఇప్పుడు రివ్యూ ఏంట్రా బాబూ అనుకోకండి, పాత ఫోన్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకా దీన్ని కొంటూనే ఉన్నారు, నా దగ్గర పనిచేసేది ఒకటుంది కాబట్టి రాస్తున్నా.

ముందు పాటల సంగతి, ఎందుకంటే ఈ ఫోన్ పుట్టిందే దానికోసం. లోపల మెమరీ 81 ఎంబీనే గానీ బాక్స్‌లోనే 8 జీబీ కార్డు ఇచ్చేవాడు, పాటకి 5 ఎంబీ వేసుకున్నా పదిహేనొందల పాటలు పట్టేస్తాయి. అప్పట్లో సెల్ షాపులో పాటలు ఎక్కించుకోడానికి వెళ్తే 8 జీబీ అనగానే షాపతను తలెత్తి ఓసారి చూసేవాడు, మిగతావాళ్ళంతా 1 జీబీ, 2 జీబీ కార్డులతో వచ్చేవాళ్ళు మరి. పైన 3.5 ఎంఎం జాక్ ఉంది, ఇప్పుడు అదేం గొప్ప అనిపిస్తుంది గానీ ఆ రోజుల్లో చాలా నోకియాలకి వేరే పిన్ను, మనకి నచ్చిన ఇయర్‌ఫోన్స్ పెట్టాలంటే కన్వర్టర్ వెతుక్కోవాలి. దీనికిచ్చిన హెడ్‌సెట్ రెండు ముక్కలు, బటన్లున్న రిమోట్ వైరు విడిగా ఉంటుంది, దాని చివర ఏ ఇయర్‌ఫోన్స్ అయినా గుచ్చుకోవచ్చు. ఈ ఒక్క ఐడియాకి ఎవడు ఆలోచించాడో గానీ దండం పెట్టాలి.

సౌండ్ క్లీన్‌గా ఉంటుంది, ఈక్వలైజర్ ఉంది, ఎఫ్ఎం కూడా ఉంది. స్పీకర్లు రెండు, నిజం స్టీరియో, గదిలో నలుగురు వినడానికి చాలు. కాకపోతే రెండూ ఎడమ పక్క అంచునే పెట్టాడు, ఎడమ చేత్తో పట్టుకుంటే అరచెయ్యే అడ్డం. ప్లేయర్‌లో నాకు చిరాకు తెప్పించేది ఒకటే, అది ఫోన్ తప్పు కూడా కాదు, మనం డౌన్‌లోడ్ చేసిన తెలుగు పాటల ట్యాగుల్లో సింగర్ పేరుండాల్సిన చోట ఆ వెబ్‌సైట్ పేరుంటుంది కదా, ఆర్టిస్టుల లిస్ట్ తెరిస్తే బాలు, చిత్ర ఎక్కడా కనపడరు, అన్నీ డాట్ కామ్‌లే.

ఇంత మ్యూజిక్ ఫోన్‌కి బాడీ మీద ప్లే, పాజ్ బటన్ లేదు, అదే అర్థం కాదు నాకు! స్క్రీన్ పైన కుడి మూల ఓ టచ్ గుర్తు ఉంది, ముట్టుకుంటే మ్యూజిక్, గ్యాలరీ లాంటివి కిందకి దిగుతాయి, అంతే. రిమోట్ లేకపోతే పక్కనున్న లాక్ బటన్ లాగి, స్క్రీన్ చూసి నొక్కాలి. (ఆ లాక్ బటన్ మాత్రం భలే ఉంటుంది, ఊరికే లాగుతూ కూర్చోవచ్చు.)

టచ్ సంగతి చెప్పాలంటే ఓపిక కావాలి. రెసిస్టివ్ స్క్రీన్, తాకితే సరిపోదు, నొక్కాలి, గోరుతో అయితే ఇంకా బాగా పనిచేస్తుంది, బాక్స్‌లో గిటార్ మీటే ప్లెక్ట్రమ్ లాంటిది కూడా ఇచ్చాడు. మెనూలో ఒకసారి నొక్కితే చాలు, లిస్టుల్లో ఒకసారి నొక్కితే సెలెక్ట్, రెండోసారికి ఓపెన్, ఈ తేడా అలవాటయ్యేదాకా పిచ్చెక్కుతుంది. 2008 ఆగస్టులోనే ఇండియాకొచ్చిన ఐఫోన్ 3జీ 31 వేలు కాబట్టి జనం దీనితో సర్దుకున్నారు, పైగా స్క్రీన్ 640 బై 360, ఐఫోన్ కన్నా పిక్సెల్స్ ఎక్కువే, వీడియోలు చక్కగా కనపడతాయి. కెమెరా 3.2 మెగాపిక్సెల్, పగలు ఓకే.

ఇప్పుడు కొనాలంటే కొన్ని చూసుకోండి. మొదట్లో వచ్చిన వాటిలో చెవి దగ్గరి స్పీకర్ పోతోందని అప్పట్లో పెద్ద గొడవే అయింది, కాబట్టి కాల్ చేసి వినకుండా డబ్బులివ్వొద్దు. జియో సిమ్ పనిచేయదు, 2జీ ఉన్న నెట్‌వర్క్ కావాలి. సిమ్ పక్కనుంచి తోయాలి, తీయాలంటే మాత్రం బ్యాటరీ ఊడదీసి కన్నంలోంచి పుల్లతో పొడవాలి, ఇది ఎవడి ఐడియానో మరి. యూఎస్‌బీతో చార్జింగ్ ఎక్కదు, సన్న పిన్ను చార్జరే కావాలి. బ్యాటరీకి భయం లేదు, బీఎల్-5జే, తర్వాతొచ్చిన నోకియా లూమియా 520 ఫోన్‌లో వేసిందే, వెతికితే దొరుకుతుంది. అమ్మేవాణ్ణి రిమోట్ వైరు ఉందా అని తప్పకుండా అడగండి, లేదంటే రేటు బాగా తగ్గించమనండి, తగ్గించకపోతే వేరేది చూసుకోండి.