వైజాగ్‌లో బీచ్ వ్యూ ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

84,000 అడ్వాన్స్ ఇస్తే 12,000 తిరిగొచ్చింది. మిగతా 72,000లో సగానికి పైగా సముద్రపు గాలికి పోయింది. ఇది వెటకారంగా అంటున్న మాట కాదు, ఓనర్ తన చేత్తో రాసిచ్చిన కాగితంలో అలాగే ఉంది, "సముద్రపు గాలి వల్ల నష్టం" అని. నిన్న ఖాళీ చేశా, ఇప్పుడు సికింద్రాబాద్ వెళ్ళే వందేభారత్‌లో కూర్చుని రాస్తున్నా, చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

వైజాగ్‌లో ఉండి రిమోట్‌గా పని చేసుకుందామని ఇల్లు వెతికినవాళ్ళకి ఆయన తెలిసే ఉంటాడు. లాసన్స్ బే వైపు, ఫుల్లీ ఫర్నిష్డ్, "ఓన్లీ ఐటీ", రిటైరైన పెద్దాయన, మాటకు ముందు ఒక అమ్మా, మాట తర్వాత ఒక అమ్మా. పేరు రాయను. అద్దె ఇళ్ళ యాప్‌లో చూసినవాళ్ళకి రాయక్కర్లేదు కూడా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. ఊరు ఖమ్మం, ఉద్యోగం హైదరాబాద్‌ది, టీమ్ లండన్‌ది. స్టాండప్, అంటే రోజువారీ టీమ్ మీటింగ్, మనకి మధ్యాహ్నం రెండున్నరకి, పని రాత్రి పదింటిదాకా, అంటే పొద్దునంతా నాదే. ఆ పొద్దుని గచ్చిబౌలి ఫ్లైఓవర్ చూస్తూ పారేసుకోవడం ఎందుకు అనిపించింది. సంక్రాంతి అయిన వారానికి దిగా. నెలకి 28,000, మూడు నెలలది అడ్వాన్స్. ఐదు నెలలు కూడా నిండలేదు.

ఊరి మీద నాకు ఏ కోపమూ లేదు, అది ముందే చెప్తున్నా. పొద్దున్నే బండ్లు ఆపేసిన బీచ్ రోడ్డు మీద నడవడం, సాయంత్రం పని మధ్యలో పరుగున వెళ్ళి మురీ మిక్చర్ పొట్లం తెచ్చుకుని మళ్ళీ కాల్‌లో కూర్చోవడం, అవన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. బాల్కనీలోంచి చూస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కైలాసగిరి. చూడ్డానికి వచ్చిన రోజు ఆ బాల్కనీలో నిలబడ్డాక నేను ఇంక ఏ ప్రశ్నా అడగలేదు. అదే నా మొదటి తప్పు.

200 ఎంబీపీఎస్ నెట్ అన్నారు. అది నిజమే, కాకపోతే మొత్తం ఫ్లోర్‌కి ఒకటే లైను, రౌటర్ ఆయన ఇంట్లో. నేను టెస్ట్ చేసింది పొద్దున పదకొండింటికి, అప్పుడు ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. రాత్రి ఎనిమిదింటికి నాలుగిళ్ళల్లో టీవీలు మొదలయ్యేసరికి నా క్లయింట్ డెమోలో నేను నోరు తెరిచి ఆగిపోయిన బొమ్మనయ్యా. పవర్ బ్యాకప్ అన్నారు, అదీ నిజమే, లిఫ్టుకీ మెట్ల లైటుకీ ఉంది. సరే, రెండో సిమ్ కొనుక్కున్నా, కరెంటు పోయినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చా. వీటి గురించి పోస్టు పెట్టేదాన్ని కాదు. ఎందుకంటే ఆయన మంచివాడనుకున్నా. పండగకి వాళ్ళావిడ పులిహోర పంపేది. "నువ్వు మా అమ్మాయి లాంటిదానివమ్మా, మా అమ్మాయి అమెరికాలో ఉంది, నువ్విక్కడున్నావు, అంతే తేడా" అనేవాడు. జ్వరమొస్తే మాత్రలు తెచ్చిపెట్టాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నిన్న పొద్దున తాళాలివ్వడానికి కిందికి వెళ్తే టేబుల్ మీద కాగితం రెడీగా ఉంది. "కూర్చోండి" అన్నాడు.

కూర్చోండి! ఐదు నెలలు నువ్వు, అమ్మా, తల్లీ. నిన్న పొద్దున మీరు. మనవాళ్ళకి ఇది ఎక్కడ తగులుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క "కూర్చోండి"తోనే నా డబ్బులు పోయాయని అర్థమైంది, కాగితం చదవడం తర్వాతి సంగతి.

కాగితంలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పుకి 24,000. కిటికీ, బాల్కనీ గ్రిల్స్‌కి 8,000. ఫ్రిజ్ అడుగున తుప్పు, 6,500. ఈ మూడింటి పక్కన బ్రాకెట్ పెట్టి ఆ సముద్రపు గాలి మాట. పెయింటింగ్ 15,000, క్లీనింగ్ 4,500. పైన నోటీసు లోటు అని, అంటే ఖాళీ చేస్తున్నట్టు తగినంత ముందుగా చెప్పలేదని 14,000, ఎందుకంటే ఖాళీ చేస్తానని నేను ఒకటో తారీఖునే చెప్పినా అది నోటి మాటట, వాట్సాప్‌లో పెట్టింది పదిహేనున కాబట్టి లెక్క అక్కణ్ణించేనట. చెప్పిన రోజు "అయ్యో అప్పుడేనా అమ్మా" అని బాధపడింది ఎవరో మరి.

తుప్పు నా ఖాతాలో ఎలా పడిందండీ అని అడిగా. "మీరు బాల్కనీ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంచేవారు, ఉప్పు గాలి కదా" అన్నాడు. సముద్రం కనిపిస్తుందని నెలకి 28,000 తీసుకుని, సముద్రం వైపు తలుపు తీసినందుకు జరిమానా. అయినా ఏసీ యూనిట్ ఉన్నది బయట, నేను తలుపేసుకుంటే దానికి గాలి తగలదా? బీచ్ రోడ్డు మీద ఎవరి గ్రిల్ చూసినా, ఎవరి స్కూటర్ సైలెన్సర్ చూసినా తెలుస్తుంది ఇక్కడ ఇనుము గతేంటో. 2002 నుంచి ఆర్‌కే బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ తుప్పు కూడా నా లెక్కలో రాయలేదు, అదే పదివేలు.

పైగా ఆ ఏసీ చరిత్ర ఆయనే నాకు చెప్పాడు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు అద్దాలన్నీ పగిలాయి, ఏసీ ఎగిరి కింద పడింది, తుపాను తర్వాతే ఇవన్నీ కొన్నానని, కాఫీ తాగుతూ, గంటసేపు. పదేళ్ళ పైబడిన ఏసీ. నిన్న గుర్తు చేస్తే "నేనలా అన్నానా?" అన్నాడు.

అప్పుడు ఫోన్ తీశా. చేరిన మర్నాడు పొద్దున బాల్కనీలో ఉదయించే సూర్యుడు వెనక కనిపించేలా నిలబడి తీసుకున్న సెల్ఫీ ఉంది, స్టేటస్ కూడా పెట్టుకున్నా. నా భుజం వెనక ఎడమవైపు అదే ఏసీ యూనిట్, ఎర్రగా, పెచ్చులూడుతూ. తేదీతో సహా. చూపించా. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుని, పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశాడు. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. ఫోన్ తిరిగిచ్చి అన్నాడు కదా, "ఫొటో బాగా వచ్చిందండీ."

అంతే. ఇంకో మాట లేదు. లేచి లోపలికి వెళ్ళి 12,000 తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. వాళ్ళావిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది, నేను తలెత్తేసరికి పక్కకి తప్పుకుంది. పులిహోర పంపిన మనిషి. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా కాదు, ముందు ఏడుపే. డబ్బులు తీసుకుని వచ్చేశా. తీసుకోకుండా ఉండాల్సిందేమో, తెలీదు. గేటు దగ్గర వాచ్‌మన్ బ్యాగు ఆటోలో పెడుతూ మెల్లిగా, "అందరికీ ఇలాగే సేత్తారమ్మా, నానేటి సెప్పగల్ను" అన్నాడు. నిజమే, ఆయన మాత్రం ఏం చెప్పగలడు.

అన్నిటికన్నా సిగ్గుచేటు ఏంటంటే నేను చేసేది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ ఉద్యోగం. ఏడేళ్ళుగా నా జీతమే స్క్రీన్‌షాట్ లేనిదే ఎవరి మాటా నమ్మనందుకు. డెవలపర్లని ఏడిపించే నేను, రసీదు లేకుండా, వస్తువుల జాబితా లేకుండా, 11 నెలల అగ్రిమెంట్ మీద చదవకుండా సంతకం పెట్టా. అందులో "వస్తువుల అరుగుదల అద్దెదారుదే" అని ఒక లైను ఉంది. రాత్రి చదివా.

అన్నట్టు 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాస ఇళ్ళకి రెండు నెలలకి మించి డిపాజిట్ తీసుకోకూడదని ఉంది. అయితే అది పేరుకు తగ్గట్టు నమూనాయే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. లాయర్ని అడుగుదామనుకుంటున్నా, ఈలోపు ఇంకెవరూ ఇరుక్కోకూడదని రాస్తున్నా.

వెళ్ళేవాళ్ళు చేరిన రోజే వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. గదులు కాదు, బాల్కనీ, ఏసీ బయటి యూనిట్, గ్రిల్స్, కుళాయిలు, ఫ్రిజ్ కింద. నెట్ రాత్రి తొమ్మిదింటికి చూడండి. ఖాళీ చేసే మాట రాసి పంపండి, ఎంత పెద్దమనిషైనా సరే.

ఇంతసేపూ రాస్తూ మధ్యలో యాప్ తెరిచి చూశా. నిన్న సాయంత్రమే మళ్ళీ పెట్టేశాడు, ఈసారి 32,000. పైన ఉన్న ఫొటో నాదే, బాల్కనీ బాగుందని అప్పట్లో నేనే ఆయనకి పంపించా. నన్ను, ఎడమవైపు ఏసీని కత్తిరించేసి సూర్యుణ్ణి మాత్రం ఉంచాడు. ఆ ఫొటో కనిపిస్తే ఫోన్ చేయకండి, అదే ఇల్లు.