హనుమకొండలో ఒక సెలూన్: కత్తెర, సన్నాయి

హనుమకొండ చౌరస్తాకు నడక దూరంలో ఉన్న ఈ రెండు కుర్చీల సెలూన్‌కు నేను మూడేళ్లుగా వెళ్తున్నాను. ఇక్కడి స్టైలిస్టు జుట్టును తడపడానికి ముందే సుడి ఎటు తిరిగిందో పరిశీలించి, తడిసిన ఉంగరాల జుట్టు ఆరాక పైకి ముడుచుకుంటుందన్న లెక్కతో అర అంగుళం ఎక్కువే వదిలి కత్తిరిస్తారు. మెడ వద్ద తప్ప మిషన్ వాడరు. ఆయన తండ్రి పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవారు (క్షౌరవృత్తి, మంగళవాద్యం ఒకే ఇళ్లలో ఉండటం మన ప్రాంతంలో పాత సంగతే). ముహూర్తాల రోజుల్లో రాత్రి వరకు నిలబడి పనిచేసి, నిద్ర కరువై, చివరకు చేయి వణకడం మొదలయ్యాక, మంగళవారం సెలవును పూర్తిగా కూతురికి, తండ్రి వద్ద మోహన రాగ సాధనకు కేటాయించుకున్నానని ఆయన చెప్పారు. తెలంగాణలో 2021 నుండి నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం కావడం కొంత ఊరటే గానీ, అద్దె మాత్రం ఆయనను వదలలేదు. కటింగుకు 200 రూపాయలు సమంజసమే. అయితే ముందస్తు సమయం ఇవ్వరు కనుక ఆదివారం గంటన్నర బల్లపై కూర్చోవలసిందే. తల మర్దన కూడా సాధారణంగానే ఉంటుంది.