పిల్లల నవలకి ఏజెంటు: పేరున్నవాళ్లా, కొత్తవాళ్లా?

ఇంగ్లీషులో పిల్లల కోసం, టీనేజర్ల కోసం రాస్తున్న మిత్రులు ఈమధ్య తిప్పితిప్పి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తమ నవలని పబ్లిషర్లకి అమ్మిపెట్టడానికి ఎప్పట్నుంచో పేరున్న పెద్ద ఏజెంటు మేలా, నిన్నమొన్న పని మొదలుపెట్టిన కొత్త ఏజెంటు మేలా? ఏజెంటుకి పుస్తకాన్ని పరిచయం చేసే క్వెరీ లెటరూ, కథని క్లుప్తంగా చెప్పే సినాప్సిస్సూ రాయడం వీళ్లకి వచ్చు. ఎవరికి ఎలాంటి కథలు కావాలో మాన్యుస్క్రిప్ట్ విష్ లిస్ట్ సైట్లో, ఎవరు ఎన్నాళ్లకి జవాబిస్తున్నారో క్వెరీట్రాకర్ సైట్లో చూసుకోవడమూ వచ్చు. తేలనిదల్లా, ఇద్దరూ సరేనంటే ఎవరి దగ్గర సంతకం పెట్టాలన్నదే.

నా మొగ్గు కొత్త ఏజెంటు వైపే. దానికో షరతు ఉంది, అది కాసేపట్లో చెబుతాను.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ తేల్చడానికి పెద్దగా ఏమీ లేదు. అమెరికాలోనైనా బ్రిటన్‌లోనైనా స్వదేశీ అమ్మకాల మీద మామూలుగా 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 శాతం కమీషన్. పేరుందని ఎక్కువ తీసుకోరు, కొత్తవాళ్లమని తగ్గించుకోరు. చదివి పెట్టడానికి ఫీజు అడిగితే మాత్రం అక్కడితో దండం పెట్టేయండి. అమెరికన్ ఏజెంట్ల సంఘం నియమావళి కూడా దాన్ని ఒప్పుకోదు.

పేరున్న ఏజెంటు వల్ల వచ్చే లాభాన్ని తక్కువ చేసి చెప్పలేం. ఆవిడ ఫోన్ చేస్తే ఎడిటర్ ఆ వారమే చదువుతారు. నలుగురు పబ్లిషర్లు ఒకేసారి కావాలంటే వేలం ఎలా నడపాలో, ఎక్కడ ఆపాలో ఆవిడకి తెలుసు. వెనకాల విదేశీ హక్కులు చూసే విభాగం ఉంటుంది, బొలోన్యా పిల్లల పుస్తకాల సంతలో వాళ్లకో బల్ల ఉంటుంది. పెద్ద పబ్లిషర్లతో ఏళ్ల తరబడి బేరమాడి సవరించుకున్న కాంట్రాక్ట్ నమూనాలు ఉంటాయి. అయితే వీటిలో ఎడిటర్ దగ్గర పలుకుబడి, వేలం నేర్పు తప్ప మిగతావన్నీ ఏజెన్సీవి. అదే ఆఫీసులో పక్క సీట్లో కూర్చున్న కొత్త ఏజెంటు దగ్గర సంతకం పెట్టినా ఆ కాంట్రాక్ట్ నమూనాయే మీకూ వర్తిస్తుంది, ఆ విదేశీ హక్కుల విభాగమే మీ పుస్తకాన్నీ పట్టుకెళ్తుంది. ఈ లెక్క చాలామంది వెయ్యరు.

ఇక నా దృష్టిలో అసలు తేల్చేది ఇది: మొదటి పుస్తకం ఎడిటర్లకి పంపాక ఎవరూ కొనకపోతే ఏమవుతుంది? ఏజెంటు దొరికితే పుస్తకం అమ్ముడైనట్టే అనుకుంటారు. కానీ ఏజెంటు ఉండి కూడా అమ్ముడుపోని తొలి నవలలు తక్కువేం కాదు.

ఏజెంటు దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఒక గడిలో ఇంప్రింట్ (పబ్లిషర్ కింద సొంత పేరుతో నడిచే విభాగం) పేరు, పక్కన ఎడిటర్ పేరు, పంపిన తేదీ, గుర్తుచేసిన తేదీ, వచ్చిన జవాబు. ఇంప్రింట్‌కి మామూలుగా ఒక్క ఎడిటర్‌కే పంపాలి. ఆ ఒక్కరూ వద్దంటే పక్క గదిలో ఇంకొకరికి నచ్చేదేమో అనే ఆశకి చోటుండదు. ఒకసారి తిరస్కారం పడిన గడి ఆ పుస్తకానికి దాదాపు మూసుకుపోయినట్టే. ఆ పట్టిక మొత్తం నిండిపోయాక ఇంకో ఏజెంటు దగ్గరికి వెళ్తే, "ఇప్పటికే అందరూ చూసేశారు కదా" అని మర్యాదగా తిప్పి పంపుతారు.

అందుకని పట్టికలో ఉన్న పాతికమందికీ ఒకే రోజు పంపేసేవాళ్లంటే నాకు భయం. ఏడెనిమిది మందికి పంపి, జవాబులు చదివి, ముగ్గురు ఒకే మాట అంటే ఆగి రచయితతో తిరగరాయించి రెండో విడత పంపేవాళ్లు కావాలి.

పిల్లల సాహిత్యంలో ఆ ఒకే మాట చాలాసార్లు వయసు గురించే ఉంటుంది. కథానాయికకి 13 ఏళ్లు అనుకుందాం. మిడిల్ గ్రేడ్ ఎడిటర్ "కాస్త పెద్దదైపోయింది" అంటారు. ఆ పుస్తకాలు 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకి, కథానాయిక వయసు 12 దాకా ఇబ్బంది లేదు. టీనేజర్ల పుస్తకాలు చూసే యంగ్ అడల్ట్ (పొట్టిగా వైఏ) ఎడిటర్‌కి ఆ అమ్మాయి మరీ చిన్నది, వాళ్లకి 15, 16, 17 కావాలి. 13 ఏళ్ల పిల్లని ఏ అరలో పెట్టాలో పుస్తకాల షాపువాడికీ తెలీదు. కొన్ని కథల్లో రెండు దృశ్యాలూ నాలుగు మాటలూ మారిస్తే ఆ అమ్మాయి పన్నెండేళ్ల పిల్ల అయిపోతుంది. ఇంకొన్నింటిలో సగం నవల తిరగరాయాలి. పెద్దల నవలలు అమ్మి పేరు తెచ్చుకుని, పక్కన ఒకటీ అరా పిల్లల పుస్తకం చేసే ఏజెంటుకి ఇది మొదటి విడత జవాబులు వచ్చాక గానీ తట్టదు. పిల్లల పుస్తకాల్లోనే రోజంతా మునిగే ఏజెంటు మొదటి ఫోన్‌లోనే అడుగుతుంది, "ఈ అమ్మాయికి పన్నెండేళ్లు చెయ్యడం మీకు సమ్మతమేనా?" అని.

పబ్లిషర్‌తో చేసుకునే కాంట్రాక్టులో ఆప్షన్ క్లాజు కూడా ఇలాంటిదే. మీ తర్వాతి రచన మొదట మాకే చూపించాలని పబ్లిషర్ రాసుకుంటాడు. "రచయిత తర్వాతి రచన" అని వదిలేస్తే, వైఏ నవల కొన్న పబ్లిషర్‌కే మీ 500 మాటల పిక్చర్ బుక్ కూడా ముందు చూపించాలి. "తర్వాతి యంగ్ అడల్ట్ నవల" అని కుదిస్తే మిగతావి మీ ఇష్టం. పిల్లల రచయితలు రెండు మూడు వయసులకి రాయడం మామూలే కనుక ఈ కుదింపు పట్టించుకునే ఏజెంటు కావాలి. పిక్చర్ బుక్‌లు రాసేవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. కొందరు వైఏ ఏజెంట్లు బొమ్మలు కూడా తామే వేసుకునేవాళ్ల పిక్చర్ బుక్‌లు మాత్రమే తీసుకుంటారు.

మళ్లీ అసలు ప్రశ్నకి వస్తే, మొదటి పుస్తకం అమ్ముడుపోనప్పుడు పేరున్న ఏజెంటుకి పోయేదేమీ లేదు. ఏడాదికో పుస్తకం ఇచ్చే పాత రచయితలు ఆవిడకి ఉన్నారు. మీ మెయిల్‌కి జవాబు వారం నుంచి నెలకి జారుతుంది. ఇందులో చెడ్డతనం లేదు, రోజుకున్న గంటలే అన్ని. కొత్త ఏజెంటుకి మీరు గెలిస్తేనే పేరు. మూడో డ్రాఫ్ట్ కూడా చదువుతుంది, రెండో నవల ఆలోచన రెండు పేరాల్లో పంపినా ఫోన్ చేస్తుంది. ఆ రెండో నవలే చాలామందికి మొదటి పుస్తకమై అచ్చవుతుంది.

షరతు ఏమిటంటే, ఆ కొత్త ఏజెంటు పిల్లల పుస్తకాలు చూసే పాత ఏజెన్సీలో ఉండాలి, పైన అనుభవమున్నవాళ్లు ఒకరు ఆమె పంపే జాబితా చూస్తుండాలి. చాలామంది కొత్త ఏజెంట్లకి జీతం ఉండదు, కమీషనే ఆదాయం. మొదటి రెండు మూడేళ్లలో బతుకు గడవక మానేసేవాళ్లున్నారు. ఏజెంటు కోసం మీరు చేసుకునే కాంట్రాక్టు మామూలుగా ఏజెన్సీతోనే కనుక ఆవిడ వెళ్లిపోయినా మీరు అక్కడే ఉంటారు. అప్పుడు మిమ్మల్ని చేరదీయడానికి ఆ ఆఫీసులో పిల్లల పుస్తకాలు చూసేవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు లేకపోతే చిక్కే.

పేరున్నవాళ్లనే ఎంచుకోమని చెప్పే సందర్భం ఒకటుంది. చేతిలో ఉన్నది పెద్ద వైఏ ఫాంటసీ, వరసగా మూడు భాగాలు, సినిమావాళ్లు కూడా ఆసక్తి చూపే సరుకు, ఒకేసారి ముగ్గురు ఏజెంట్లు ఆఫర్ ఇచ్చారు అంటే వేలం నడపడం వచ్చినవాళ్ల దగ్గరికే వెళ్లండి.

ఒక్కరే నడిపే చిన్న ఏజెన్సీలు మనిషిని బట్టి. వాళ్లకి ఒంట్లో బాగోకపోతే మీ పుస్తకం కూడా ఆగిపోతుంది. ఏజెంటు లేకుండా నేరుగా పబ్లిషర్‌కి పంపడం చిన్న ప్రెస్‌ల వరకు బాగానే పనిచేస్తుంది, పెద్ద ఇంప్రింట్‌లు చాలావరకు తలుపు తియ్యవు.

ఆఫర్ వచ్చాక మిగతా ఏజెంట్లకి చెప్పి రెండు వారాలు గడువు తీసుకోవడం ఆనవాయితీ. ఆ రెండు వారాల్లో ఆ ఏజెంటు రచయితలతో మాట్లాడించమని అడగండి. పుస్తకం అమ్ముడైన ఒకరితోనూ, మొదటి పుస్తకం అమ్ముడుపోని ఒకరితోనూ. రెండోవాళ్లతో మాట్లాడిస్తానంటే సగం భరోసా దొరికినట్టే. కాంట్రాక్టులో విడిపోవడానికి ఎన్ని రోజుల నోటీసో చూడండి, 30 రోజులు మామూలు. విడిపోయేటప్పుడు ఏ ఇంప్రింట్‌లో ఎవరికి, ఎప్పుడు పంపారో ఆ పట్టిక మీ చేతికి ఇస్తారో లేదో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి. తర్వాత వచ్చే ఏజెంటు మొట్టమొదట అడిగేది దాన్నే.