కోతిపిల్లా, పిల్లికూనా: శరణాగతిలో రెండు దారులు

అహంకారం ఎలా కరుగుతుందన్న విషయంలో రామానుజుల బాట పట్టిన శ్రీవైష్ణవుల్లోనే రెండు మాటలున్నాయి. వేదాంత దేశికుల (1268–1369) వైపున్న వడగలై శాఖ వారు కోతిపిల్లను చూపిస్తారు. పిళ్లై లోకాచార్యుల వైపున్న తెంగలై శాఖ వారు పిల్లికూనను చూపిస్తారు.

తల్లి కోతి కొమ్మ మీంచి కొమ్మకు దూకుతుంటే పిల్ల దాని పొట్టను వేళ్లు బిగించి కరుచుకుని ఉంటుంది. మోసేది తల్లే, కానీ పట్టు పిల్లది. అలాగే భక్తుడు కూడా తన వంతుగా శరణు వేడాలి అంటుందీ దారి. దీంతో క్రమశిక్షణ వస్తుంది. చిక్కల్లా ఒకటే, "నేను ఇంత చేశాను" అన్న లెక్క మెల్లగా తలెత్తుతుంది.

పిల్లికూన అలా కాదు. తల్లి మెడ దగ్గర నోట కరిచి ఎత్తగానే కాళ్లు ముడుచుకుని ఒళ్లంతా వదిలేస్తుంది. నేను శరణన్నది కూడా నా ఘనత కాదు, అంతా భగవంతుడి దయే. అహంకారానికి ఇంతకంటే లోతైన దెబ్బ నాకైతే ఎక్కడా కనిపించలేదు. "నేను వినయంగా ఉన్నాను" అన్న గర్వానికి కూడా ఇక్కడ చోటుండదు. బద్ధకానికి సాకుగా మారే ప్రమాదం మాత్రం ఉంది.

నన్నడిగితే, కొత్తగా మొదలుపెట్టేవారికి కోతిపిల్ల దారే మంచిది. పట్టుకోవడమే తెలియనివాడు వదిలేదేముంది? ఏళ్ల తరబడి సాధన చేసి, ఆ సాధనే బరువైపోయినవారికి పిల్లికూన దారి. భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడు మొసలితో వెయ్యేళ్లు పెనుగులాడాడు. బలమంతా ఉడిగాక, మొసలి ఇంకా కాలు వదలకముందే, తొండంతో తామరపువ్వు పైకెత్తి కష్టం మీద నారాయణా అని పిలిచాడు.