యూఎస్‌బీ మైకా, ఇంటర్‌ఫేసా?
మా చిక్కడపల్లి ఇంట్లో బ్యాండ్ రికార్డింగ్ అంటే ముందు ఫ్యాన్ ఆపాలి, ఆపైన పక్కింటి కుక్కర్ విజిల్ అయ్యేదాకా ఆగాలి. ఒక్కరే పాడుకుంటే యూఎస్‌బీ మైక్ హాయి: ల్యాప్‌టాప్‌కి గుచ్చితే చాలు, ఖర్చూ తక్కువే. నలుగురు కలిసి వాయిస్తే మాత్రం నా ఓటు ఇంటర్‌ఫేస్‌కే, అంటే మామూలు మైకుల్ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టెకే. ఒకే మైక్ పెడితే గొంతు, గిటార్, కహోన్ (మీద కూర్చుని చేత్తో వాయించే చెక్కపెట్టె) అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోతాయి. కహోన్ మరీ మోగిందనిపించినా తర్వాత దాన్నొక్కదాన్నే తగ్గించలేం. బెరింగర్ యూఎంసీ404హెచ్‌డీ అనే ఇంటర్‌ఫేస్‌లో నాలుగు మైకులు పెట్టుకోవచ్చు, ఎవరి ట్రాక్ వాళ్లది. కండెన్సర్ మైకులకు (కరెంటు అందితేనే పనిచేసే రకం) కావాల్సిన 48 వోల్టులూ అదే ఇస్తుంది. కాకపోతే మైకులు, స్టాండ్లు విడిగా కొనాలి, జేబుకు చిల్లు అక్కడే. కేబుళ్లు మాత్రం కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి తెచ్చా.